కిటికీ అద్దం కొనే ముందు ఎదుటి గోడ చూడండి

మా హాల్లో సోఫా వెనక గోడ చాలాకాలం బోసిగా ఉండేది. దానికి కిటికీ లేదు, పెట్టే వీలూ లేదు. అవతల పక్క ఫ్లాటు వాళ్ళ వంటిల్లు. ఫోన్లో రోజూ కనబడే ఆర్చి ఆకారపు కిటికీ అద్దాలు (కిటికీలాంటి చట్రంలో మొహం చూసుకునే అద్దం బిగించి గోడకి తగిలించేవి) చూసి చూసి, ఒక పండగ సేల్లో ఆర్డర్ పెట్టేశాను. నాలుగడుగుల ఎత్తు, నల్లటి గళ్ళ చట్రం. బిగించిన రోజు సాయంత్రం మా అత్తయ్య దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాసేపు తేరిపార చూసి, "ఏమ్మా, ఇంత డబ్బు పోసి ఇంకో బాత్రూమ్ తలుపు కొన్నావా?" అన్నారు.

నిజమే. ఆవిడ కూర్చున్న చోటి నుంచి చూస్తే అద్దంలో కనబడేది కామన్ బాత్రూమ్ తలుపు, దాని పక్కన చెప్పుల స్టాండు. కిటికీలోంచి తోట కనబడాల్సిన చోట హవాయి చెప్పులు కనబడుతున్నాయి.

ఆ తర్వాత ఐదేళ్ళలో మా ఇంట్లో, మా డాబా మీద, వైజాగ్‌లో మా చెల్లెలి బాల్కనీలో కలిపి నాలుగు రకాల కిటికీ అద్దాలు పెట్టాం. రెండు కుదిరాయి, రెండు చెడ్డాయి. ఏ చట్రం, ఏ గాజు, ఏ చోటికి అన్న లెక్క ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఏం కనబడాలో తేల్చుకోండి

మామూలు అద్దాన్ని మనం మన మొహం చూసుకోవడానికి కొంటాం. కిటికీ అద్దం పని వేరు. అది లేని కిటికీని ఉన్నట్టు నమ్మించాలి. కాబట్టి దానిలో మనం కనబడకపోతేనే మంచిది, ఎదురుగా ఉన్న వెలుతురో, చెట్టో, ఆకాశమో కనబడాలి.

ఈ ఆలోచనకు పెద్ద ఉదాహరణ ఫ్రాన్సులో వెర్సాయ్ రాజభవనంలో ఉన్న అద్దాల మందిరం. 1684లో పూర్తయింది. పొడవు 73 మీటర్లు. ఒక పక్క తోటలోకి తెరుచుకునే 17 ఆర్చి కిటికీలు. వాటికి సరిగ్గా ఎదురుగా, అదే ఆకారంలో 17 అద్దాల ఆర్చీలు, మొత్తం 357 అద్దాలు. ఒక్కో ఆర్చికి 21 ముక్కలన్నమాట. అప్పట్లో ఒకే పెద్ద అద్దం పోతపోయడం రాదు కాబట్టి ముక్కలు అతికారు. ఈ రోజు మనం కావాలని కొనుక్కుంటున్న గళ్ళు ఆ రోజుల్లో గత్యంతరం లేక వచ్చినవి. అక్కడ కిటికీకి ఎదురుగా అద్దం ఉంది, అద్దంలో తోట ఉంది. అద్దాలెన్ని ఉన్నా ఎదురుగా బాత్రూమ్ తలుపు ఉండి ఉంటే ఆ మందిరం గురించి ఎవరూ చెప్పుకునేవారు కాదు.

పరీక్ష తేలిక. గోడ మీద మీరనుకున్న కొలతకు న్యూస్‌పేపర్లు అంటించండి. ఇంట్లో ఉన్న చిన్న అద్దాన్ని ఆ పేపరు మధ్యలో ఒకరు పట్టుకోవాలి. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని చూడండి, నిలబడి కాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైటు వేశాక ఒకసారి. చాలామంది రాత్రి సంగతి మర్చిపోతారు. పగలు బాల్కనీ మొక్కల్ని చూపించిన అద్దమే రాత్రి నల్లబడిపోయి, మధ్యలో తెల్లటి ట్యూబ్‌లైటు గీతను చూపిస్తుంది. ఎదురుగా పసుపు రంగు బల్బు ఉన్న చిన్న లాంపు ఒకటి పెడితే ఆ ఇబ్బంది పోతుంది.

చట్రం: ఎమ్‌డీఎఫ్, ఇనుము, పాత టేకు

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఎమ్‌డీఎఫ్ చట్రాలే. చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక అది. పడగ్గదికో హాలుకో ఏ తప్పూ లేదు, తేలిగ్గా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. నీళ్ళు తగిలితే మాత్రం అయిపోయినట్టే. బాత్రూమ్ తలుపు గొడవ తర్వాత నా మొదటి అద్దాన్ని బాల్కనీకి మార్చాను. జూన్‌లో మార్చాను, దసరా నాటికి కింది పట్టీ పాలల్లో వేసిన బ్రెడ్డు ముక్కలా ఉబ్బింది. గోరుతో గీస్తే పొరలు పొరలుగా ఊడింది. కొనేటప్పుడు చట్రం వెనక్కి తిప్పి చూడండి. చెక్క గీతలు లేకుండా మట్టిరంగులో నున్నగా ఉంటే అది ఎమ్‌డీఎఫ్. దాని చోటు ఇంటి లోపలే. వాష్‌బేసిన్ దగ్గరకి కూడా వద్దు.

ఇనుప చట్రం ఫ్లాటుల్లో ఉండేవాళ్ళకి అన్నిటికంటే నమ్మకమైన దారి అని నా అభిప్రాయం. పైగా ఆన్‌లైన్‌లోనే కొనాలని లేదు. మీ పేటలో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపతను సన్నటి చదరపు పైపుతో ఆర్చి చట్రం చేసిస్తాడు. మీ గోడకు సరిపోయే కొలత వస్తుంది. రెండు సంగతులు మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. వెల్డింగ్ గుబ్బలు గ్రైండ్ చేసి నున్నగా చేయించాలి, లేకపోతే అద్దం సమంగా కూర్చోదు, ఒక గుబ్బ మీద ఒత్తిడి పడి ఎప్పుడో ఒక రోజు పగులుతుంది. రెండోది రంగు. రెడ్ ఆక్సైడ్ వేసి పైన బ్రష్షుతో నలుపు పులిమేస్తే ఇంట్లో సరిపోతుంది. బయట పెట్టేదైతే జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వాడి పౌడర్ కోటింగ్ చేయించండి. మా చెల్లెలి ఇల్లు వైజాగ్‌లో సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి మామూలు ఇనుము మీద రెండో ఏడాదికే తుప్పు చుక్కలు కారి గోడ మీద చారలు పడ్డాయి. తీరంలో ఉండేవాళ్ళు బయటికి అల్యూమినియం చట్రం తీసుకోవడమే మేలు.

ఇక పాత టేకు కిటికీ. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మా ఇంట్లో అందరికీ నచ్చినది ఇదొక్కటే.

కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు విప్పినప్పుడు దర్వాజాలు, దూలాలు టోకున కొనేవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. మా బాబాయి ఒక కిటికీని మాత్రం పక్కన పెట్టించి, "నీకేమైనా పనికొస్తుందేమో చూసుకో అమ్మాయ్" అని లారీలో వేసి పంపాడు. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. నిలువు ఊచలు, రెండు జతల రెక్కలు, కింది రెక్కకి అరిగిపోయిన గడియ. దాని మీద ఆకుపచ్చ రంగు ఎన్ని పొరలుందో లెక్కలేదు. వడ్రంగి గీకుతుంటే ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద కావి రంగు వచ్చాయి. చివరికి తేనె రంగు టేకు బయటపడింది.

ఊచలు ఉంచాలా తీయాలా అన్న దగ్గర ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. నేను ఉంచుదామన్నాను. ఊచల వెనక అద్దం పెట్టి గోడకి ఆనించి చూశాం. మా ఆయన ఎదురుగా నిలబడి, "నన్ను జైల్లో వేసినట్టుంది" అన్నారు. ఊచల ప్రతిబింబం కూడా అద్దంలో పడటంతో ఆరు ఊచలు పన్నెండయ్యాయి. ఆ మాట ఎవరూ ముందు చెప్పరు. అద్దం ముందు ఏ గ్రిల్ ఉన్నా, దానికీ అద్దానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటే రెండో గ్రిల్ అద్దం వెనక అంత లోతున కనబడుతుంది. కాబట్టి అడ్డపట్టీలు అద్దానికి అంటుకుని ఉండాలి. చివరికి ఊచలు తీయించాం, రెక్కలు ఉంచాం.

రెక్కలు ఉంచడమే ఆ కిటికీలో మేం చేసిన తెలివైన పని. మధ్యాహ్నం ఎండ నేరుగా పడే గంటసేపు మూసేస్తాం. ఇల్లు మారి అది పడగ్గదికి ఎక్కాల్సి వచ్చినా, రాత్రి మంచానికి ఎదురుగా అద్దం ఉండకూడదనే మా అత్తయ్యకి అభ్యంతరం ఉండదు. మూసి ఉన్నప్పుడు అది అచ్చంగా కిటికీయే. ఇంటికొచ్చిన వాళ్ళు గాలి రావడంలేదని తెరవబోయిన సందర్భాలున్నాయి.

తాతగారి కిటికీ అందరికీ దొరకదు. పాత ఇళ్ళ కలప అమ్మే డిపోలు మన ఊళ్ళలో ఉన్నాయి. హైదరాబాదులో జుమేరాత్ బజారులో ఓపిగ్గా తిరిగితే దొరకొచ్చు. తమిళనాడులో కారైక్కుడి వెళ్ళేవాళ్ళకి మునీశ్వరన్ కోయిల్ వీధి, కొచ్చి వెళ్ళేవాళ్ళకి మట్టాంచేరి యూదుల వీధి ఇలాంటి పాత సామాన్లకి పేరున్న చోట్లు. కొనే ముందు చట్రం నాలుగు మూలలూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే లోపల చెదలు తిన్నట్టే. ఒక చిన్న చోట రంగు గీకించి కలపేమిటో చూడకుండా టేకు ధర ఇవ్వొద్దు. ఆకుపచ్చ రంగు కింద ఏ చెక్కైనా ఒకేలా ఉంటుంది. బరువు సంగతి కూడా గుర్తుంచుకోండి. మాది చట్రం ఒక్కటే ఇరవై కిలోలు దాటింది.

నిజం గళ్ళా, పైన అతికించిన గళ్ళా

ఒకే అద్దం మీద సన్నటి పట్టీలు అతికించినవి కొన్ని, గడి గడికీ వేరే అద్దం ముక్క పెట్టినవి కొన్ని. దూరం నుంచి రెండూ ఒకటే. తేడా దగ్గరకి వస్తే తెలుస్తుంది. వేరువేరు ముక్కలు ఒకే తలంలో ఉండవు, ఒక్కోటీ పిసరంత ఒరిగి ఉంటుంది. దాంతో ఎదుటి చెట్టు ఒక్కో గడిలో కొద్దిగా జరిగినట్టు కనబడుతుంది. తోటలో ఇది అందమే, అచ్చం పాత కిటికీ పలకల్లా ఉంటుంది. హాల్లో మనిషి కదిలినప్పుడు మాత్రం తల ఒక గడిలో, మెడ ఇంకో గడిలో తెగినట్టుంటుంది. ముక్కల్లో ఒక లాభం ఉంది. ఒకటి పగిలితే దాన్నే మార్చుకోవచ్చు.

రెండిట్లో ఏదైనా సరే, దాన్ని డ్రెస్సింగ్ అద్దంగా కూడా వాడుకుందామని లెక్క వేసుకోకండి. అడ్డపట్టీ సరిగ్గా కళ్ళ దగ్గరకి వస్తుంది, దువ్వుకునేటప్పుడు గూనిగా వంగాల్సి వస్తుంది. నిలువెత్తు మనిషి పూర్తిగా కనబడటానికి అద్దం మన ఎత్తులో సగం ఉంటే చాలు. ఐదున్నర అడుగుల మనిషికి రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు, సరైన ఎత్తులో కడితే. ఆ పనికి గళ్ళు లేని సాదా అద్దం బీరువా పక్కన పెట్టుకోండి. బొట్టుబిళ్ళలు అంటించుకోవడానికి కూడా అదే మేలు. నాలుగు వేలు పెట్టి కొన్న కిటికీలో ఎర్రటి స్టిక్కర్లు వరసగా ఉంటే ఏ తోటా నమ్మబుద్ధి కాదు.

గాజు: మందం, వెనక పూత

వెర్సాయ్ కాలంలో గాజు వెనక తగరం, పాదరసం కలిపి పూసేవారు. వెండి పూత పద్ధతి 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్‌తో వచ్చింది. ఈ రోజుకీ మంచి అద్దాల్లో ఉన్నది వెండే. గాజు వెనక పలచటి వెండి పొర, దాని రక్షణకు రాగి పొర, పైన రంగు. తేమ అంచులోంచి లోపలికి పాకితే రాగి, వెండి దెబ్బతిని నల్లటి మచ్చలు పడతాయి. బాత్రూమ్ అద్దం కింది అంచున కనబడే నలుపు ఇదే. అది కడిగితే పోయే మురికి కాదు. రాగి పొర లేకుండా చేసేవాటిని షాపుల్లో కాపర్ ఫ్రీ అంటారు. ధర కొంత ఎక్కువ. బాల్కనీకైనా, తడి గోడకైనా, తీరం ఊళ్ళకైనా దాన్నే అడగండి. సరదాకి ఒక మాట: వెర్సాయ్ అద్దాలు చేసిచ్చిన, 1665లో మొదలైన కంపెనీయే ఇప్పటి సెయింట్ గోబెయిన్. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది, మన వీధి గాజు షాపులో ఆ పేరు రోజూ వినబడుతుంది.

మందం విషయంలో పొదుపు పనికిరాదు. తక్కువ ధర అద్దాల్లో రెండు మూడు మిల్లీమీటర్ల గాజు వేస్తారు. అది చట్రంలో కాస్త వంగినా ఎదురుగా ఉన్న తలుపు అంచు వంకరపోతుంది, మనుషులు లావుగానో సన్నగానో కనబడతారు. షాపులో అద్దానికి ఆరడుగుల దూరంలో నిలబడి తలను అటూ ఇటూ ఊపండి. ఎదుటి గోడ అంచు నిటారుగా ఉండాలి, పాములా కదలకూడదు. మూడు బై నాలుగు అడుగుల వరకు ఐదు మిల్లీమీటర్లు తీసుకోండి. ఇంకా పెద్దదైతే ఆరు.

బరువు లెక్క కూడా ఇక్కడే చేసుకోవాలి. గాజు చదరపు మీటరుకి, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. మూడు బై నాలుగు అంటే 12 చదరపు అడుగులు, దాదాపు 1.1 చదరపు మీటర్లు. ఐదు మిల్లీమీటర్లలో 14 కిలోలు. మా టేకు చట్రం, రెక్కలు కలుపుకుంటే నిండు గ్యాస్ బండ కంటే ఎక్కువే.

షాపువాళ్ళు అద్దం రేటు చదరపు అడుగుకి చెబుతారు. అంచు పాలిష్, బెవెలింగ్ (అంచుని ఏటవాలుగా చెక్కడం) రన్నింగ్ ఫుట్, అంటే అంచు పొడవు లెక్కన విడిగా వేస్తారు. కొందరు కొలతని పై మూడంగుళాలకో ఆరంగుళాలకో సర్ది బిల్లు కడతారు. చట్రం చేయించే ముందే ఇది అడిగి ఉంచుకుంటే, ఒక అంగుళం తగ్గించుకుని డబ్బు మిగిల్చుకోవచ్చు. అంచు చట్రంలో దాగిపోతుంది కాబట్టి బెవెలింగ్ అక్కర్లేదు. చెయ్యి కోయకుండా అంచు రుద్దిస్తే చాలు.

అతికించే సిలికాన్ గురించి ఒక్క మాట. పుల్లగా వెనిగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్ అద్దం వెనక పూతను తినేస్తుంది. ఆరు నెలలకి ముందు వైపు నుంచి మచ్చలు కనబడతాయి. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. చట్రంలో బీడింగ్‌తో (అంచు చుట్టూ కొట్టే సన్నటి పట్టీతో) బిగిస్తే అసలు జిగురు గోలే ఉండదు.

తోటలో, డాబా మీద

డాబా మీద కుండీల మధ్య పిట్టగోడకి ఒక కిటికీ అద్దం పెడితే నిజంగానే తోట రెట్టింపవుతుంది. పది కుండీలు ఇరవై అవుతాయి, గోడ అవతల ఇంకో తోట ఉన్నట్టుంటుంది. బయటికి వచ్చేసరికి మాత్రం ఇంటి లోపలి లెక్కలన్నీ మారిపోతాయి. ఎండ, వాన, పిట్టలు, పక్కింటివాళ్ళు.

ఎండతో మొదలుపెడతాను. నేను డాబా అద్దాన్ని మే నెలలో దక్షిణం వైపు చూసేలా బిగించాను. హైదరాబాదులో మేలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, అద్దం మీద ఎండ ఏటవాలుగా జారిపోయింది. అంతా బాగుందనుకున్నాను. డిసెంబర్ వచ్చేసరికి సూర్యుడు దక్షిణాన కిందికి దిగాడు. మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. పొద్దున తొమ్మిదిన్నరకి ఆ ఎండ మొత్తం అద్దానికి తగిలి నేరుగా ఎదుటి అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు హాల్లో పడింది. ఆ ఇంటి పెద్దాయన పాపం రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు కింద వాచ్‌మన్‌తో కబురు పెట్టారు: "పైన ఎవరో మా టీవీ మీద టార్చి వేస్తున్నారు." బయట అద్దం పెట్టేవాళ్ళు ఉత్తరం చూసే గోడ గానీ, రోజంతా నీడ ఉండే మూల గానీ వెతుక్కోండి. వాస్తు పట్టింపు ఉన్న ఇళ్ళల్లో అద్దం ఉత్తరం గోడకో తూర్పు గోడకో ఉండాలంటారు. ఆ మాట పాటిస్తే ఉత్తరం గోడ మీది అద్దం దక్షిణం చూస్తుందని మర్చిపోకండి. ఇంట్లో పరవాలేదు, డాబా మీద మాత్రం మళ్ళీ నా టార్చి కథే. తిప్పికొట్టిన ఎండకి ఎదుట ఉన్న ఫెర్న్ ఆకుల కొసలు కూడా మాడాయి.

పిట్టల సంగతి ఇంకా ముఖ్యం. గూళ్ళు కట్టే కాలంలో పిగిలిపిట్టలు, తేనెపిట్టలు అద్దంలో తమ నీడని శత్రువు అనుకుని గంటల తరబడి ముక్కుతో పొడుస్తాయి. మా డాబా మీద ఒక పిగిలిపిట్ట మూడు రోజులు అదే పనిలో ఉంది. అద్దం మీద చిన్న చిన్న ముక్కు గుర్తులు, కింద రెట్టలు. నాలుగో రోజు అద్దం మీద పాత దుప్పటి కప్పాను. అంతకంటే ప్రమాదం, ఆకాశం ప్రతిబింబించే పెద్ద అద్దాన్ని ఖాళీ అనుకుని ఎగిరొచ్చి కొట్టుకోవడం. అందుకే తోట అద్దాన్ని ఆకాశం కనబడకుండా పై అంచు కొద్దిగా ముందుకి వంచాలి, మొక్కలూ నేలా మాత్రమే కనబడాలి. గళ్ళు దగ్గర దగ్గరగా ఉండటం ఇక్కడ మేలు చేస్తుంది. మీద శంఖుపువ్వు తీగనో, రాధామనోహరాన్నో సగం పాకిస్తే పిట్టకీ తెలుస్తుంది, మనకీ నిజం కిటికీలా ఉంటుంది. నా మొదటి ఓటు మాత్రం రెక్కలున్న చట్రానికే. ఆ కాలంలో మూసేయొచ్చు.

మనం నడిచి వస్తుంటే మనమే ఎదురు రాకుండా అద్దాన్ని కొద్దిగా పక్కకి తిప్పడం కూడా అవసరం. తోటలోకి అడుగుపెట్టగానే లుంగీలో మనమే ఎదురైతే భ్రమంతా పోతుంది.

ఇక బయటికి గాజు పెట్టాలా వద్దా? నాది వద్దు అనే పక్షం. వాన తగలని బాల్కనీ అయితే కాపర్ ఫ్రీ గాజు, అంచుల చుట్టూ న్యూట్రల్ సిలికాన్ పూసి పెట్టొచ్చు. నేరుగా వాన పడే చోట రెండు దారులున్నాయి.

ఒకటి అక్రిలిక్ అద్దం, అంటే గాజులాంటి ప్లాస్టిక్. బరువు గాజులో సగం కంటే తక్కువ, పగిలి గుచ్చుకోదు, పిల్లలు బంతి ఆడే చోటికి మంచిది. మూడు మిల్లీమీటర్ల షీటు మా కొలతకి నాలుగు కిలోలే వస్తుంది. కానీ ఎండకి పెరుగుతుంది. నాలుగడుగుల షీటు 30 డిగ్రీల తేడాకి రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. చట్రంలో ఆ మాత్రం ఖాళీ వదలకుండా బిగిస్తే మధ్యలో ఉబ్బుతుంది, మొక్కలన్నీ సర్కస్ అద్దంలో చూసినట్టు కనబడతాయి. లోపలికి వంగితే ఇంకా చెడ్డ, ఎండని ఒకచోటికి పోగేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. గాజు తుడిచే స్ప్రేలు వాడకూడదు, సబ్బునీళ్ళు చాలు.

రెండోది నేను చివరికి చేరిన చోటు. మిర్రర్ ఫినిష్ స్టెయిన్‌లెస్ స్టీల్ షీటు. లిఫ్టు లోపల గోడలకి ఉంటుందే, అదే. షాపులో నంబర్ 8 ఫినిష్ అంటే తెలుస్తుంది. 304 గ్రేడు మనకి సరిపోతుంది, సముద్రం పక్కన 316. ఒక మిల్లీమీటరు మందంలో మా కొలతకి తొమ్మిది కిలోలు. వంకరలు రాకుండా చదునైన సిమెంటు బోర్డు మీద అతికించాలి. మీద ఉన్న ప్లాస్టిక్ పొరని బిగించిన వెంటనే తీసేయండి. ఎండలో ఉంచేస్తే అది కాలి అంటుకుపోతుంది, తర్వాత గోళ్ళు అరిగినా రాదు. బొమ్మ గాజంత స్పష్టంగా ఉండదు, కొద్దిగా మసకగా, నీళ్ళల్లో చూసినట్టుంటుంది. ఇంటి లోపల అది లోపమే. తోటలో ఆ మసకే నాకు నచ్చింది. ఆకులు, వెనక ఇంకా ఆకులు, ఎక్కడ ఆగాయో తెలియదు.

బోరునీళ్ళ ఊళ్ళల్లో ఉండేవాళ్ళకి ఒక జాగ్రత్త. మొక్కలకి పైపుతో నీళ్ళు కొడుతుంటే అద్దం మీద పడ్డ ప్రతి చుక్కా తెల్లటి మచ్చగా ఆరుతుంది. గాజైనా స్టీలైనా ఒకటే. సగం నీళ్ళు, సగం వెనిగర్ కలిపి ముంచిన గుడ్డతో మచ్చ మీద మాత్రం తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగేయండి. గాజు అంచుల్లోకి మాత్రం వెనిగర్ వెళ్ళనివ్వొద్దు.

గోడ ఏమిటో తెలుసుకున్నాకే డ్రిల్లు

తొమ్మిదంగుళాల ఎర్రిటుక గోడ ఈ బరువు మోస్తుంది, మంచి ప్లగ్గులు ఉంటే చాలు. ఇప్పుడు కడుతున్న ఫ్లాటుల్లో చాలావాటివి తేలికపాటి ఏఏసీ బ్లాకులు. మామూలు ప్లగ్గు వాటిలో పిండిలో మేకులా తిరుగుతుంది. వాటికోసం చేసిన పొడవాటి ప్లగ్గులు విడిగా దొరుకుతాయి, అవే కావాలి. మైవాన్ పద్ధతిలో (అల్యూమినియం అచ్చుల్లో) పోసిన కాంక్రీటు గోడైతే హామర్ డ్రిల్లు లేకుండా పని కాదు, మధ్యలో కడ్డీ తగిలితే చోటు మార్చాలి. జిప్సం బోర్డు పార్టిషన్ మీద ఇంత బరువు వద్దే వద్దు.

పదిహేను కిలోలు దాటితే వెనక తీగ కట్టి ఒక మేకుకి వేలాడదీయకండి. ఏటవాలుగా కోసిన రెండు చెక్కపట్టీలు, ఒకటి గోడకి, ఒకటి చట్రానికి, ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా చేయమని వడ్రంగికి చెప్పండి. బరువు పట్టీ పొడవంతా పంచుకుంటుంది, మట్టం సరిచేయడం కూడా తేలిక. మా వడ్రంగి మొదట, "నాలుగు స్క్రూలు కొడితే సరిపోద్ది మేడం" అన్నాడు. పట్టీ వేశాక దాని మీద తనే చెయ్యేసి వేలాడి చూసి నవ్వాడు.

అద్దెకి ఉంటున్నవాళ్ళకి గోడకి ఆనించి నేల మీద నిలబెట్టే పెద్ద ఇనుప ఆర్చి అద్దం బాగుంటుంది. పై అంచుని మాత్రం ఒక చిన్న కొక్కెంతో గోడకి పట్టించాలి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ రకం ఆలోచనే మానేయండి, లేదా వెనక సేఫ్టీ ఫిల్మ్ ఉన్న అద్దం తీసుకోండి. పగిలినా ముక్కలు ఫిల్మ్‌కే అంటుకుని ఉంటాయి.

నన్ను అడిగితే

వెలుతురు తక్కువైన హాలు, ఎదురుగా బాల్కనీ ఉంటే: ఇనుప చట్రం, ఐదు మిల్లీమీటర్ల గాజు, కొద్దిపాటి గళ్ళు. సొంత ఇల్లు, మంచి గోడ, కాస్త ఓపిక ఉంటే పాత టేకు కిటికీ, రెక్కలతో. తోటకి స్టీలు. పిల్లలున్న బాల్కనీకి అక్రిలిక్. ఎమ్‌డీఎఫ్ ఆర్చి అద్దం రెండు మూడేళ్ళ అద్దె ఇంటికి తప్పేం కాదు, నీళ్ళకి దూరంగా. ఎదురుగా చూడదగ్గదేమీ లేని గోడ అయితే ఆ డబ్బుతో ఒక మంచి బొమ్మ కొనుక్కోండి.

మా హాల్లో ఆ గోడ సంగతి చెప్పలేదు కదూ. టేకు కిటికీ ఇప్పుడు అక్కడే ఉంది, రెండడుగులు ఎడమకి జరిపి. చెప్పుల స్టాండు గుమ్మం బయటికి వెళ్ళింది. అత్తయ్య కుర్చీలోంచి చూస్తే బాల్కనీ తలుపులోంచి తులసికోట, దాని వెనక పక్క వీధిలోని వేపచెట్టు కొమ్మ ఒకటి కనబడతాయి. పొద్దున కాఫీ ఆవిడ అక్కడే తాగుతున్నారు.